మీ ప్రశ్న – మా జవాబు

ప్ర: కొత్త బోట్లన్నా, వాటిలో పెట్టే సోనార్ యంత్రాలన్నా నాకు పిచ్చి. చెరువు గట్టున కూర్చుని అవే బొమ్మలు చూస్తుంటాను. 'ఎందుకూ పనికిరాని పిచ్చి' అంటుంది అమ్మ. మీరేమంటారు?
– ఓ పడవ పిచ్చోడు, ధర్మసాగర్

జ: 'మూగమనసులు'లో నాగేశ్వరరావుకి తెడ్డే దిక్కు. నీకు సోనారొచ్చింది! అది నీళ్లలోకి శబ్దం పంపుతుంది. సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోయే ఆ శబ్దం అడుగుని తాకి తిరిగొచ్చే టైముని బట్టి లోతెంతో చెబుతుంది. పనికిరాదంటే ఎలా తమ్ముడూ? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటుని వెతకడానికి వాడింది సోనారే. పోయినవాళ్లలో మీ కాజీపేట పక్క కడిపికొండ వాళ్లూ ఉన్నారు. మీ అమ్మ భయం అదేనేమో! అందుకని మొదట ఓ లైఫ్ జాకెట్ కొని ఆవిడకి చూపించు. బోటు మాట ఆ తర్వాత ఎత్తు.