ఇల్లు కాదంటే ఎక్కడికి?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదంది. జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లోని మన పిల్లలు ఆ మాట పైకి చెప్పుకోవాలన్నా ముందు ఒక చోటు కావాలి. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 12వ సెక్షన్ చూడండి: కన్నవాళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలట. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డను అక్కున చేర్చుకునే హిజ్రా కుటుంబం ఊసే అందులో లేదు.

బెజవాడ బస్సెక్కితే సరి అంటారు. అక్కడ గది కోసం వెళితే ముందు కులం అడుగుతారు, తర్వాత నడక చూస్తారు. దళిత బిడ్డకు రెండు దెబ్బలు. అందుకే గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు సమాంతర రిజర్వేషన్లు అడుగుతున్నారు.

మరి మన సంఘాల్లో? ఏప్రిల్ 14న జెండాలు కట్టే మనమే ఆ పిల్లల్ని వెక్కిరిస్తున్నాం. ముందు అది ఆపి, వారానికో సాయంత్రం సంఘం గది తాళం వాళ్ల చేతికిద్దాం.