ఏఆర్‌కి కళ్ళజోడు కాదు, కొలతలు కావాలి

ఆగ్మెంటెడ్ రియాలిటీని పరిచయం చెయ్యబోయే ప్రతివాళ్ళూ సోఫాతోనే మొదలెడతారు. ఫోన్ పట్టుకోండి, మీ హాల్లో ఈ సోఫా ఎలా ఉంటుందో చూసుకోండి, నచ్చితే కొనుక్కోండి. తర్వాత కళ్ళజోళ్ళ షాపు వాళ్ళ ఫ్రేములు, ఆ తర్వాత పోకెమాన్ గో, చివర్న "ఇక భవిష్యత్తంతా ఇదే" అని ముక్తాయింపు. సూర్యాపేటలోనో కోదాడలోనో కూచుని ఇదంతా విన్నవాడికి ఏమనిపిస్తుంది? ఇదేదో హైదరాబాద్ వాళ్ళ యవ్వారం, మనకెందుకులే అనిపిస్తుంది. నా గొడవంతా అక్కడే. ఈ టెక్నాలజీ అవసరం మాల్స్‌లో కన్నా మా వైపు ఊళ్ళకే ఎక్కువ. రాకుండా ఆపుతున్నది డబ్బూ కాదు, కళ్ళజోడూ కాదు.

ముందు అసలు సంగతి. వర్చువల్ రియాలిటీ (వీఆర్) అంటే మీరున్న చోటుని మీ కళ్ళ ముందు నుంచి తీసేసి ఇంకో చోటుని పెట్టడం. ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) అలా కాదు. మీరున్న చోటు అలాగే ఉంటుంది, దానికి అదనంగా ఒక బొమ్మో అక్షరమో బాణం గుర్తో అతుక్కుంటుంది. మీరు పక్కకి జరిగినా అది తన చోట్లోనే ఉండాలి. ఈ "అతుక్కోవడం" అనేదే కష్టమైన పని. ఫోన్ కెమెరా ముందున్న దృశ్యంలో రాతి మూలలు, గోడ పగుళ్ళు, గచ్చు మీద మరకల్లాంటి ఆనవాళ్ళని ఏరుకుంటుంది. ఫోన్ లోపలున్న గైరోస్కోప్, యాక్సిలరోమీటర్ చెయ్యి ఎంత కదిలిందో చెప్తాయి. ఈ రెండూ కలిపి సెకనుకి అనేకసార్లు లెక్క కట్టి "నేను ఇక్కడున్నాను, బొమ్మ అక్కడుండాలి" అని తేల్చుకుంటుంది. తెల్ల సున్నం వేసిన ఖాళీ గోడ ముందు బొమ్మ ఎందుకు జారిపోతుందో ఇప్పుడు అర్థమైందా? అక్కడ పట్టుకోడానికి ఆనవాళ్ళు లేవు.

ఇదేమీ నిన్న మొన్నటి విద్య కూడా కాదు. ఇవాన్ సదర్లాండ్ 1968లోనే తలకి పెట్టుకునే యంత్రం చేశాడు, బరువు మొయ్యలేక దాన్ని పైకప్పుకి వేలాడదీశారు. 1990ల మొదట్లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అనే ఇద్దరు బోయింగ్‌లో విమానాల వైర్లు ఎక్కడ నుంచి ఎక్కడికి పోవాలో పనివాళ్ళకి కళ్ళ ముందే చూపించాలని దీని మీద పనిచేశారు. ఆ పేరు వచ్చింది కూడా వాళ్ళ దగ్గర్నించే. గమనించండి, సోఫా అమ్మడానికి కాదు, వైరింగ్ చెయ్యడానికి.

అంటే ఏఆర్ పనికొచ్చేది మీరు ఒక ఫలానా చోట నిలబడి ఉన్నప్పుడే. దానికి ఒక ఊరు కావాలి, ఒక గోడ కావాలి, ఒక మెషీన్ కావాలి. ఇప్పుడు మా ఊళ్ళు చూద్దాం.

సూర్యాపేట నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు పోతే ఫణిగిరి. గుట్ట మీద ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ ఆరామం. నిజాం కాలంలో 1941-44 మధ్య తవ్వారు, మళ్ళీ 2000ల్లో తవ్వారు. 2003లో అక్కడ సున్నపురాతి తోరణం ముక్కలు దొరికాయి, రెండు వైపులా బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కి ఉన్నవి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం "ట్రీ అండ్ సర్పెంట్" ప్రదర్శనకి ఫణిగిరి శిల్పాలు వెళ్ళాయి. 2024లో గుట్ట మీద ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇంత ఉంది కదా, మరి గుట్ట ఎక్కినవాడికి కనపడేదేంటి? స్తూపం పునాది, విరిగిన స్తంభాలు, ఇటుకల వరసలు. మంచి శిల్పాల్లో చాలావరకు అక్కడ లేవు. భద్రత కోసం తీశారు, తియ్యాల్సిందే, దాన్ని నేను తప్పు పట్టట్లేదు. కానీ సూర్యాపేట నుంచి బస్సులో వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లకి అది రాళ్ళ గుట్టే. పది నిమిషాలు తిరిగి సెల్ఫీ దిగి వెళ్ళిపోతుంది.

సరిగ్గా ఈ పనికే ఏఆర్ ఉన్నది. ఫోన్ ఎత్తితే స్తూపం పూర్తి ఎత్తులో కనపడాలి, తోరణం తన రెండు స్తంభాల మీద నిలబడాలి, ఆ పిల్ల దాని కిందనుంచి నడవాలి. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఇది కొండని ఎత్తే పనేం కాదు. శిల్పం చుట్టూ తిరిగి ఓ రెండు మూడు వందల ఫోటోలు తీస్తే కోల్‌మ్యాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ త్రీడీ రూపం కట్టి ఇస్తుంది. బ్లెండర్‌లో సరిచేసుకోవచ్చు, అదీ ఉచితమే. మరి లేనిదేంటి? కొలతలు. ఏ ముక్క ఏ గుంటలో ఎంత లోతులో దొరికింది, ఏ స్తంభానికి ఏ దూలం, స్తూపం వ్యాసం ఎంత. ఇవి లేకుండా కడితే అది ఫణిగిరి కాదు, సినిమా సెట్టింగు.

ఇక్కడే మన పెద్దలకి ఇంకో ఆలోచన వస్తుంది: హైదరాబాద్‌లో ఏసీ గదిలో హెడ్‌సెట్లు పెట్టి "అనుభూతి కేంద్రం" తెరుద్దాం అని. అయ్యా, అది వీఆర్. గుట్ట నలభై కిలోమీటర్ల అవతల సూర్యాపేట వాడికి ఉంటే, మీరు దాన్ని తీసుకెళ్ళి రాజధానిలో టికెట్టుకి పెడుతున్నారు.

కొలతలు తీసే అలవాటే మనకి లేదంటే ఒప్పుకోను. నాగార్జునకొండ చూడండి. డ్యామ్ వస్తోందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, పటాలు గీసి, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదా అనుపులోనూ మళ్ళీ పేర్చారు. ఆ తవ్వకాల మొదటి సంపుటాన్ని పురావస్తు శాఖ 1975లో అచ్చు వేసింది. కంప్యూటర్ లేకుండా చేసిన పని అది. లోయని ముంచిన ఆ నీళ్ళే ఎడమ కాలువలో మిర్యాలగూడ, కోదాడ పొలాలకి వస్తున్నాయి. ఆ పటాల్ని ఫోన్‌లోకి ఎక్కిస్తే, దీవి మీద నిలబడి నీళ్ళ వైపు చూసినవాడికి అడుగున ఉన్న విజయపురి కనపడుతుంది. (నీళ్ళ మీద ఆనవాళ్ళు దొరకవు కాబట్టి ఒడ్డున ఉన్న రాళ్ళకే అతికించాలి. అది మా తలనొప్పి, మేం పడతాం.) మా పిల్లలు తింటున్న అన్నం ఏ ఊరి మీదుగా వచ్చిందో వాళ్ళకి చూపించే బాధ్యత లేదా మనకి?

చరిత్రతో కడుపు నిండదంటారా, మిర్యాలగూడ మిల్లుల్లోకి రండి. సీజన్లో సార్టెక్స్ మెషీన్ ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా లారీలు గేటు బయటే. ఇప్పుడు ఏం చేస్తున్నారు? వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి "ఆ కాదు, దాని పక్కది, ఎర్ర వైరు పక్కది" అని అరుచుకుంటున్నారు. అవతలివాడు తన తెర మీద ఒక గుర్తు పెడితే, ఇవతల కెమెరా కదిలినా ఆ గుర్తు అదే బోల్టు మీద ఉండాలి. అంతే కావాల్సింది. బోయింగ్ వాళ్ళు కోరుకున్నదీ ఇంచుమించు ఇదే. అయితే మెషీన్ బొమ్మలు, వైరింగ్ పటాలు కొన్నవాడి చేతికి రావాలిగా? కొనేటప్పుడే అడిగి తీసుకోండి మహాప్రభో.

కోదాడలో పైపులైన్లు. ఏ ఊళ్ళోనైనా ఇదే కథ, జేసీబీ తవ్వుతుంది, నీళ్ళ పైపో కేబులో తెగుతుంది. తవ్వే ముందు సమాచారం ఇచ్చుకోమని కేంద్రం 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్ తెచ్చింది. భూమిలో ఉన్న పైపుని ఫోన్‌లో చూపించడం ఏఆర్‌కి బాగా సరిపోయే పనే, కానీ మామూలు ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చెప్తుంది. నాలుగు మీటర్లంటే పైపు రోడ్డుకి అవతలి పక్కకి పోయినట్టు. సెంటీమీటర్ల లెక్కన చెప్పే రిసీవర్లు ఉన్నాయి, అద్దెకి దొరుకుతాయి. కాకపోతే పైపు పూడ్చేరోజే దాని పక్కన నిలబడి కొలిచి రాసుకోవాలి. పూడ్చేశాక ఏ కళ్ళజోడూ ఏమీ చెయ్యలేదు.

మరి కాలేజీల సంగతేంటి? మా వైపే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండు రోజుల ఏఆర్ వర్క్‌షాప్ అంటే వెళ్ళాను. కాగితం మీద గుర్తు, దాని మీద ఫోన్ పెడితే సింహం లేస్తుంది, అందరూ చప్పట్లు, అందరికీ సర్టిఫికెట్లు. 2020 లాక్‌డౌన్‌లో గూగుల్ పులిని హాల్లో పెట్టుకుని ఫోటోలు దిగాం కదా, దానికి రెండు రోజుల ఫీజు ఎందుకో! ఆ పిల్లల్నే ఆటోల్లో పిల్లలమర్రికి తీసుకెళ్ళి, 1208లో కట్టిన ఎరకేశ్వరాలయంలో ఒక్కొక్కరికి ఒక్కో స్తంభం అప్పచెప్పి కొలిచి రమ్మంటే సివిల్ వాళ్ళకీ కంప్యూటర్స్ వాళ్ళకీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అయ్యేది. అమీర్‌పేటలో కొనుక్కునే ప్రాజెక్టుల కన్నా నయం కాదూ?

"కళ్ళజోళ్ళు చవకవ్వనీ, అప్పుడు చూద్దాం" అనేవాళ్ళకి ఒక మాట. గూగుల్ గ్లాస్ 2013లో వచ్చింది, కంపెనీల కోసం చేసిన దాన్ని కూడా 2023లో ఆపేశారు. మైక్రోసాఫ్ట్ 2024లో హోలోలెన్స్ 2 తయారీ ఆపేసింది. ఆపిల్ విజన్ ప్రో 2024లో 3,499 డాలర్లకి వచ్చింది, ఆ డబ్బుతో ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారొస్తుంది. కళ్ళజోళ్ళు వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. ఈ రోజు కొలిచిన తోరణం మాత్రం ఏది వచ్చినా అందులోకి ఎక్కుతుంది.

కాబట్టి పురావస్తు శాఖ వారూ, ఫణిగిరి తవ్వకాల కొలతలు, పటాలు, ఫోటోలు ఎవరైనా దింపుకునేలా పెట్టండి. మీరు యాప్ చెయ్యక్కర్లేదు, టెండర్ పిలవక్కర్లేదు. మిగతాది మా వైపు పిల్లలు చూసుకుంటారు.

ఇది చదివి ఎవరైనా ఫణిగిరి వెళ్ళి ఫోటోలు తీద్దామనుకుంటే పొద్దున్నే ఎక్కండి. పది దాటితే ఎండకి ఫోన్ తెర మీద ఏమీ కనపడదు, పైగా నీడలు గట్టిగా పడి త్రీడీ లెక్క పాడవుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది.