మతం కాలమ్‌కు తాళం ఏది?

గోదావరి జిల్లాల ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసిన కాలంలో, సాయంత్రం రిజిస్టర్లను బీరువాలో పెట్టి తాళం వేయడం నా చివరి పనిగా ఉండేది. తాళంచెవి పోతే సంజాయిషీ రాసి ఇవ్వవలసి వచ్చేది. ఇప్పుడు ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లలోకి చేరాయి. బీరువా మారింది గాని, తాళం సంగతి అడిగేవారు తగ్గిపోయారు.

2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని భద్రతా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆ నంబర్ల పక్కనే బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు వివరాలతో పాటు కులం, మతం కూడా ఉన్నాయి. ఇందులో ఎవరూ తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే వేయలేదు. విషయం బయటికి వచ్చాకే ఆ వివరాలను మరుగుపరచారు.

"మనకు దాచుకోవడానికి ఏముంది?" అని పెద్దలు కొందరు అంటుంటారు. 1940లో హిట్లర్ సేనలు నెదర్లాండ్స్‌ను ఆక్రమించే నాటికి అక్కడి జనాభా రిజిస్టర్లలో పౌరుల మతం నమోదై ఉంది. పరిపాలన సౌలభ్యం కోసం రాసుకున్న ఆ వివరమే యూదులను ఇంటింటా వెతికి పట్టుకోవడానికి పనికివచ్చింది. 1943 మార్చి 27న ప్రతిఘటనకారులు ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ల కార్యాలయానికి నిప్పు పెట్టారు గాని, కార్డుల్లో అధిక భాగం కాలకుండా మిగిలాయి. నేటి మన స్థితిని దానితో పోల్చడం నా ఉద్దేశం కాదు. పాలకులు మారినా పట్టికలు మిగిలిపోతాయన్నదే ఇందులో మనం గ్రహించవలసిన పాఠం.

అలాగని మతం కాలమ్‌ను పూర్తిగా తీసివేయమని కోరలేము. లెక్కలు లేకుంటే 2006 నాటి సచార్ కమిటీ నివేదిక వచ్చేది కాదు. మన వెనుకబాటు రుజువయ్యేది కాదు. ఉపకారవేతనాలకూ, బీసీ-ఈ ధ్రువపత్రాలకూ ఆ వివరం కావాలి. సముదాయంగా మనం లెక్కలో ఉండాలి. కాని ఏ ఇంట్లో ఎవరున్నారో దారిన పోయేవాడికి తెలియకూడదు. ఈ రెండింటినీ సాధించే సాధనమే ఎన్‌క్రిప్షన్. వివరాలను సంకేతాలుగా మార్చి భద్రపరిస్తే, తాళంచెవి ఉన్న అధికారికి తప్ప ఇతరులకు అవి అర్థంలేని అక్షరాలుగానే కనిపిస్తాయి. ఎంతమంది అన్న మొత్తం లెక్కను మాత్రం నిశ్చింతగా ప్రకటించవచ్చు.

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించి రహస్య లిపిని విప్పే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. బలహీనమైన తాళం ఎంతోకాలం నిలవదని ఆనాడే తేలింది.

చట్టం ఏమంటున్నది? 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో కులం, మతవిశ్వాసం ప్రత్యేక రక్షణ కావలసిన సున్నిత సమాచారంగా ఉండేవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ వర్గమే లేదు. పైగా దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం తాను ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వగలదు. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్‌ను భద్రతా చర్యల్లో ఒకటిగా పేర్కొన్నాయి. ఇది మంచిదే. కాని ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువు పెట్టారు. మతం, కులం వివరాలకు ప్రత్యేక రక్షణను చట్టంలో తిరిగి చేర్చాలని మన సంఘాలు పార్లమెంటు సభ్యులను అడగాలి. మా వివరాలను ఎవరు చూస్తున్నారు, ఏ తాళం వేశారు అని సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖనూ ప్రశ్నించాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. దరఖాస్తుల కాలంలో పిల్లల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లను మా వాట్సాప్ గ్రూపులో పెట్టించినవాడిని నేనే. వాట్సాప్ సందేశం దారిలో తాళం వేసుకునే ప్రయాణిస్తుంది. కాని గ్రూపులో ఉన్న ప్రతి ఫోనుకూ ఆ తాళంచెవి అందుతుంది. ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "మా అమ్మాయి కాగితాలు అంతమందికి ఎందుకు భాయ్?" అని అడిగినప్పుడు నా వద్ద జవాబు లేదు. ఇప్పుడు కాగితాలను ఒక్కరే తీసుకుంటున్నారు. ఆధార్ నంబరు అవసరం లేని చోట చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడుగుతున్నాము. పని ముగిశాక నకళ్లను చెరిపివేస్తున్నాము.

ఇతరుల వివరాలు మన చేతిలో ఉన్న అమానత్. దానిని మనం కాపాడుకుంటేనే, మా అమానత్‌కు తాళం వేశారా అని ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక బలం మనకు ఉంటుంది.