క్రియారహిత వాక్యం: అధ్యాహారం అవసరమా?

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి వాక్యార్థబోధకు హేతువులని శాస్త్రం. పదాలు తెలిపిన అర్థాలు పిదప అన్వయిస్తాయని కుమారిలభట్టు మతం. అన్వితార్థాన్నే పదాలు తెలుపుతాయని ప్రభాకరుని మతం. వైయాకరణులు శాబ్దబోధలో క్రియకే ప్రాధాన్యమిచ్చారు. కనుకనే క్రియ వినబడనిచోట 'అస్తి' గ్రహించాలని కాత్యాయనుడు వార్తికం చెప్పాడు.

ఈ విధిని తెలుగు వాక్యానికి యథాతథంగా వర్తింపజేయడం సమంజసం కాదని నా అభిప్రాయం. 'అతడు కవి' అన్నది పూర్ణవాక్యం. 'అతడు కవి ఉన్నాడు' అంటే వాక్యమే చెడుతుంది. 'కవి అవుతాడు' అంటే అర్థం మారుతుంది. 'కవి కాడు' అనే వ్యతిరేకరూపంలో 'అగు' ధాతువు కనబడుతున్నది గదా, అనుకూలవాక్యంలోనూ అది గూఢంగా ఉన్నదనరాదా అని పూర్వపక్షం. 'నేను కవిని', 'నీవు కవివి' అనే ప్రయోగాలే దీనికి సమాధానం. ఇక్కడ పురుషబోధక ప్రత్యయం నామానికే చేరింది. సంస్కృతంలో తిఙంతం నిర్వహించే పనిని తెలుగులో నామమే నిర్వహిస్తున్నది. ఆకాంక్ష శమించిన పిదప అధ్యాహారానికి తావేది?

లేని క్రియను విద్యార్థిచేత పూరింపజేసే అన్వయపాఠం అతని సహజ భాషాజ్ఞానాన్నే శంకించమని బోధిస్తున్నది. శాస్త్రపరికరాలు మనకు శిరోధార్యాలే. అయితే వాటితో పరీక్షింపవలసినది తెలుగు ప్రయోగాన్ని. ఆ ప్రయోగాన్ని సంస్కృతవాక్యపు అచ్చులో పోయడం పరీక్ష అనిపించుకోదు.