దక్కన్ ఎయిర్‌వేస్‌ను మరవొద్దు

హయత్‌నగర్ డిపో నుంచి తెల్లవారకముందే బయల్దేరే ఆర్టీసీ బస్సుకు మూలం, 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖ. అదే రైల్వే 1945లో టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించింది. భారత్, నిజాంల మధ్య హైదరాబాద్ సంస్థానం ఎవరిదన్న వివాదం 1948 సెప్టెంబరు 18న నిజాం సేనల లొంగుబాటుతో ముగిసింది. విమాన సంస్థ మాత్రం నిలిచింది. మహిళకు పైలట్ ఉద్యోగమివ్వడానికి మిగతా కంపెనీలు జంకిన రోజుల్లో ప్రేమ్ మాథుర్‌ను తీసుకున్నది ఇదే. ఎంత గర్వించదగ్గ సంగతి! 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. వరంగల్ మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవాలనుకుంటున్న రాష్ట్ర ప్రభుత్వం రన్‌వేతోనే ఆగకూడదు. నాడు నిజాం రైల్వే చేసినట్టే, అక్కడి నుంచి నడిచే సర్వీసుల్లో తానూ వాటా పెట్టాలి.