మానని కుట్టుకి మన రక్తమే మందా?

జుట్టు రాలుతోందని ఫోన్‌లో ఒక్కసారి వెతికి చూడండి, ఇక రోజంతా పీఆర్‌పీ ప్రకటనలే! శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లలో చాలామందికి ఈ మాట అలాగే పరిచయం. కానీ దీనికి జుట్టు కంటే పాత పని ఒకటుంది: గాయం మాన్పడం. 1998లో దవడ ఎముక ఆపరేషన్లలో దీన్ని వాడిన అధ్యయనం వచ్చాకే పీఆర్‌పీ పేరు బాగా వినబడింది. ఇప్పుడు ఆపరేషన్ గాయం వారాలు గడిచినా పూడకపోతే కొందరు డాక్టర్లు దీన్ని సూచిస్తున్నారు.

ఇంతకీ ఏంటిది? పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్‌ రిచ్‌ ప్లాస్మా. ప్లేట్‌లెట్లు అనగానే మనకి డెంగీ, 'కౌంట్ ఎంత?' అన్న ప్రశ్నే గుర్తొస్తాయి. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేవి ఇవే. అంతటితో ఆగవు. వీటి లోపలి బుల్లి సంచుల్లో గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. గాయం దగ్గర అవి బయటికొచ్చి, కొత్త కణాలనీ కొత్త రక్తనాళాలనీ రమ్మని కబురు పెడతాయి.

చేసే పద్ధతి తేలికే. మీ చేతి నుంచే కొంచెం రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌ యంత్రంలో గిరగిరా తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుక్కి పోతాయి. పైన పసుపురంగు ప్లాస్మా తేలుతుంది. మామూలు రక్తంలో మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లుంటే, ఇందులో వాటికి మూడు నుంచి ఐదు రెట్లు ఉంటాయి. దాన్ని గాయం అంచుల్లో ఇంజెక్షన్‌గా ఇస్తారు, లేదా జెల్‌లా చేసి పైన పెట్టి కట్టు కడతారు.

మరి పనిచేస్తుందా? 2016లో కోక్రేన్ సంస్థ 10 అధ్యయనాల్ని, 442 మంది రోగుల వివరాల్ని కలిపి చూసింది. షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్లకి మేలు చేయొచ్చు, కానీ ఆధారాలు బలంగా లేవు, మిగతా మొండి గాయాల సంగతి తేలలేదు అంది. అంటే మొండి గాయానికి ఇదొక తోడు. చక్కగా మానుతున్న ప్రతి కుట్టుకీ అక్కర్లేదు.

అసలు చిక్కు మన ఇళ్లలోనే ఉంది. ఆపరేషన్ అవగానే మామ్మ పత్యం మొదలెడుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేప వద్దని చారన్నంతో సరిపెడుతుంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త చర్మం అల్లుకోడానికి ప్రొటీన్ కావాలి. అది లేకుండా వేలు పోసి పీఆర్‌పీ చేయించినా కబురు అందుతుంది గానీ కట్టడానికి సరుకుండదు. పొగ కూడా అంతే. మన పల్లెల్లో కొందరు పెద్దావిడలకి అడ్డపొగ అలవాటు. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, గాయానికి రక్తం చాలదు.

ఉద్దానం వాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. కిడ్నీ జబ్బుంటే గాయాలు మామూలుగానే నెమ్మదిగా మానతాయి. ప్రొటీన్ ఎంత తినాలో డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి ఒక లెక్క, లేనివాళ్లకి ఇంకో లెక్క. అది డాక్టరే చెప్పాలి. నొప్పి అని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనేసి మింగొద్దు. అవి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, ప్లేట్‌లెట్ల పనికీ అడ్డం పడతాయి. గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ని మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఎవరైనా పీఆర్‌పీ చేయిద్దాం అంటే డబ్బు కట్టేముందు ఈ మూడూ అడగండి. ఒకటి, గాయం ఎందుకు మానట్లేదు: షుగరా, ఇన్ఫెక్షనా, రక్తం అందకపోవడమా? రెండు, ఎన్నిసార్లు చెయ్యాలి, మొత్తం ఖర్చెంత? మూడు, వాడే కిట్ కొత్తదేనా, ట్యూబు మీద నా పేరుందా? మొదటి ప్రశ్నకి జవాబు రాకపోతే ఇంకో డాక్టర్‌ని కలవండి. కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం ఉంటే మాత్రం ప్రశ్నలకి కూడా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లిపోండి.