నిండు బోటుకు తగిన ప్రొపెల్లర్: సర్వసభ్య సమావేశ తీర్మానం

శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా మత్స్యకార సహకార సంఘం సర్వసభ్య సమావేశం, ఈ ఏటి సముద్ర వేట నిషేధ కాలంలో, అధ్యక్షుల వారి ఆధ్వర్యంలో రేవు దగ్గర జరిగింది. ఔట్‌బోర్డ్ ఇంజన్లతో నడిచే ఫైబర్ బోట్లకు ప్రొపెల్లర్ల ఎంపిక గురించి బోటు యజమానులు, కళాసీలు, ఇంజను పని తెలిసిన సభ్యులు చర్చించిన మీదట ఈ తీర్మానం ఆమోదించడమైనది.

మన రేవుకు జెట్టీ లేదు. కెరటాలు విరిగే వరసను దాటితేనే వేటకు పోగలం, మళ్లీ దాన్ని దాటితేనే దరి చేరగలం. తెల్లవారుజామున పోయేటప్పుడు వలలు పొడిగా ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు తడిసిన వల బరువు, చేప బరువు తోడవుతాయి, అప్పటికి గాలి కూడా లేచి ఉంటుంది. ఇంజనుకు అసలు పరీక్ష ఆ తిరుగు ప్రయాణమే. అయినా ఇన్నాళ్లూ మనం ఖాళీ బోటు ఎంత జోరుగా పోయిందన్నదాన్ని బట్టే ప్రొపెల్లర్‌ను మెచ్చుకుంటూ వచ్చాం. పక్క బోటుకు బాగుందని విని కొనడం, లేదా ఇంజనుతో పాటు పెట్టెలో వచ్చినదాన్నే బిగించి మళ్లీ దాని ఊసెత్తకపోవడం అలవాటైపోయింది. ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలనీ, ఇకపై నిండు బరువుతో తిరిగి వచ్చే బోటునే ప్రమాణంగా తీసుకోవాలనీ సభ ఏకాభిప్రాయానికి వచ్చింది.

ప్రొపెల్లర్ మీద అచ్చువేసి ఉండే అంకెల్లో మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ లెక్క ప్రకారం ముందుకు జరగవలసిన దూరం. ఈ లెక్కను సభలో పలక మీద వేసి చూపించారు. ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతుంటే, 2.08 గేరు నిష్పత్తి మీద ప్రొపెల్లర్ తిరిగేది సుమారు 2,640 చుట్లు. పిచ్ 9 అంగుళాలైతే ఆ లెక్కన బోటు గంటకు 36 కిలోమీటర్లు పోవాలి. వలలతో, చేపతో నిండిన మన బోటు 12, 13 కిలోమీటర్లు పోతే గొప్ప. ఇంజను అన్నే చుట్లు తిరుగుతుంటే ఆ తేడా అంతా నీటిలో జారుడే. కొంత జారుడు ఏ ప్రొపెల్లర్‌కైనా తప్పదు, అది లేకపోతే తోపూ ఉండదు. కానీ తేడా ఇంతగా ఉందంటే, ఆ పిచ్ తేలికపాటి వేగపు బోటుకు సరిపోయేదే తప్ప బరువు మోసే బోటుకు కాదు.

ఈ పొరపాటు వల్ల నష్టపోయేది ఇంజను. పిచ్ ఎక్కువైతే ఫుల్ త్రాటిల్ ఇచ్చినా ఇంజను తన పూర్తి చుట్లకు చేరలేదు, మూలుగుతూ లాగుతుంది. ఇంజను మీద రాసిన 9.9 హెచ్‌పీ బలం పూర్తి చుట్ల దగ్గరే వస్తుంది, దానికి దిగువన తిరిగే ఇంజనుకు మనం డబ్బు పెట్టి కొన్న బలం ఇవ్వడానికి వీలే ఉండదు. పెట్రోలు మాత్రం తాగుతుంది. లోపల మసి పేరుకుంటుంది, వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ మీదికి వస్తుంది. పిచ్ మరీ తగ్గినా ఇబ్బందే, ఇంజను హద్దు మీరి తిరుగుతుంది. అయితే మన రేవులో కనబడుతున్నది మొదటి జబ్బే గనుక సభ దాని మీదే ఎక్కువ సేపు చర్చించింది.

కాబట్టి, జూన్ 14తో వేట నిషేధం ముగిసిన తర్వాత మొదటి నెలలోగా సభ్యుల బోట్లన్నిటికీ నిండు బరువు పరీక్ష జరపాలని తీర్మానించడమైనది. బోటులో వలలు, ఐసు పెట్టె, ఎప్పుడూ వెళ్లే మనుషులందరూ ఉండాలి, చేపకు బదులు ఇసుక బస్తాలు వేయాలి. కెరటాల వరస దాటాక, నెమ్మదిగా ఉన్న నీటిలో, వాలు వెంట ఒకసారి, వాలుకు ఎదురు ఒకసారి ఫుల్ త్రాటిల్‌తో నడిపి చుట్లు చూడాలి. ఇందుకోసం స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టి చూసే చిన్న టాకోమీటరును సంఘం కొంటుంది. ఇంజను పుస్తకంలో రాసిన పరిధికి, అంటే చాలా 4-స్ట్రోక్ 9.9 ఇంజన్లకు 5,000 నుంచి 6,000 చుట్లకు, నిండు బరువుతో చేరని ఏ బోటుకైనా పిచ్ తగ్గించాలి. ఒక అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. వచ్చిన అంకెలను బోటు పేరుతో సంఘం పుస్తకంలో రాయాలి.

బిగించి చూడకుండా కొనమని పేద సభ్యులకు చెప్పడం న్యాయం కాదు. అందుచేత వేర్వేరు పిచ్‌ల ప్రొపెల్లర్లను సంఘం నిధితో కొని పరీక్షకు ఇవ్వాలని, ఏది సరిపోయిందో తేలాకే సభ్యుడు తన సొంతానికి కొనుక్కోవాలని నిర్ణయించడమైనది. అవి అల్యూమినియంవే ఉండాలి. స్టీలు రెక్క తేలిగ్గా వంగదు నిజమే, కానీ ఇసుక మేటకో రాయికో తగిలినప్పుడు ఆ దెబ్బను గేర్ల దాకా పంపుతుంది. అల్యూమినియం రెక్క తాను వంగి గేరును కాపాడుతుంది. వంగినదాన్ని సుత్తితో సరిచేసి వాడటం ఇకపై మానాలి. మూడు రెక్కలూ ఒకే వాటంలో లేకపోతే బోటంతా అదురుతుంది, షాఫ్టు అరుగుతుంది.

కొత్తగా ఇంజను కొనేవారు గేరు నిష్పత్తి కూడా అడిగి తెలుసుకోవాలి. అదే బలం గల ఇంజన్లలో కొన్ని దాదాపు మూడుకు ఒకటి నిష్పత్తితో, పెద్ద వ్యాసం గల ప్రొపెల్లర్‌ను నిదానంగా తిప్పేలా తయారవుతాయి. బరువు లాగే బోటుకు ఇవే మేలు.

ఇంజను ఎత్తు సరిగా లేకపోతే ఎంత మంచి ప్రొపెల్లరైనా దండగే. కెరటం మీద అమరం లేచినప్పుడు రెక్కలు గాలిని పీల్చుకుంటాయి, ఇంజను ఒక్కసారిగా కేకపెడుతుంది, బోటు కదలదు. కెరటానికి అడ్డం తిరిగి బోర్లాపడేది ఆ క్షణంలోనే. ప్రొపెల్లర్ పైనుండే అడ్డు పలక బోటు అడుగు మట్టానికి, లేదా కొద్దిగా కిందికి ఉండాలి. 20 అంగుళాల వెనుక పలకకు 15 అంగుళాల పొట్టి షాఫ్టు ఇంజనును ఇకపై ఎవరూ బిగించరాదు.

నెలకొకసారి ప్రొపెల్లర్ ఊడదీయాలి. పిన్ను తీసి, నట్టు విప్పి, దాన్ని బయటికి లాగితే షాఫ్టు మొదట్లో సన్నని నైలాను దారం గట్టిగా బిగుసుకొని కనబడుతుంది. మన వలల దారమే అది. కొన్నాళ్లు అలాగే వదిలేస్తే సీలును కోసి గేరు పెట్టెలోకి ఉప్పునీరు పంపుతుంది. గేరు ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు చేరినట్టే, ఆ బోటు వేటకు పోకూడదు. ఇంజను చుట్లు పెరుగుతున్నా బోటు ముందుకు సాగకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారుతోందని గుర్తించాలి. ప్రతి బోటులో అదనంగా ఒక ప్రొపెల్లర్, పిన్నులు, నట్టు, పానా తప్పనిసరి.

నీళ్లలో మనిషి ఉండగా గేరు వేయరాదు. బోటును తోసే కళాసీలందరూ పైకెక్కారని అమరం దగ్గరున్న మనిషి చూసి చెప్పాకే ప్రొపెల్లర్ తిరగాలి. దీనికి ఏ మినహాయింపూ లేదు.

ఇసుక తీరాన దిగే బోట్ల కష్టం కొత్తది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పర్యవేక్షణలో మద్రాసు కేంద్రంగా నడిచిన బంగాళాఖాత కార్యక్రమం 1980ల్లోనే ఇటువంటి బోట్లకు ప్రొపెల్లర్‌ను పైకి లేపుకొనే ఏర్పాటు రూపొందించింది. అటువంటి సాంకేతిక సాయం ఇప్పుడు కూడా అవసరమని సభ భావిస్తోంది. విశాఖపట్నంలో కేంద్రాలున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థనూ, మత్స్య నౌకాయాన శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌నూ మన రేవులో శిక్షణ ఇవ్వమని కోరాలి. సబ్సిడీ ఇంజన్లతో పాటు బోటు బరువుకు తగిన ప్రొపెల్లర్ ఎంచుకొనే వెసులుబాటు కల్పించాలని రాష్ట్ర మత్స్యశాఖకు విన్నపం పంపాలి.

ఇతర బోట్ల చేపను దరికి చేరవేసే సభ్యులు తమకు వేగం ముఖ్యమని, చేప తాజాదనం మీదే ధర ఆధారపడుతుందని అభ్యంతరం తెలిపారు. వారి మాటలో న్యాయం ఉంది. వారి బోట్లను కూడా నిండు బరువుతోనే పరీక్షించాలి, అయితే ఇంజను పుస్తకంలోని పరిధి లోపల ఎక్కువ పిచ్ ఎంచుకొనే హక్కు వారికి ఉంటుంది. ఈ సవరణతో వారు కూడా సమ్మతించారు.

పరీక్షల బాధ్యత ఇంజను పని తెలిసిన సభ్యులతో ఏర్పడే ఉపసంఘానిది. కొనుగోలు బిల్లులు, పరీక్ష పుస్తకం వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సభ ముందుంచాలి. ఉపాధ్యక్షులు ప్రతిపాదించగా, కళాసీల తరఫు సభ్యులు బలపరచగా, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.